ఆన్‌లైన్ వ్యాపారులకు ఇంటింటి డెలివరీ సంస్థ: మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక

గిడ్డంగి నుంచి ఊరి దాకా వందల పార్సెళ్లు ఒకే లారీలో కలిసి వస్తాయి. ఊళ్లోని హబ్ (పార్సెళ్లను దించి విడదీసే చోటు) నుంచి కొనుగోలుదారు గడప దాకా మాత్రం ప్రతి పార్సెల్‌కూ ఒక మనిషి విడిగా వెళ్లి ఆగాల్సి ఉంటుంది. లాస్ట్ మైల్ అని పిలిచే ఈ ఆఖరి మజిలీ దూరంలో చిన్నదే అయినా, రవాణా ఖర్చులో పెద్ద వాటా దీనిదే. అందువల్ల ఈ వ్యాపారంలో లాభనష్టాలను తేల్చేది ఒక్కో గడపకు పట్టే నిమిషాల లెక్క.

వాహనాలు సమకూర్చుకోవడానికి ముందే ఎంత మేర తిరగాలో నిర్ణయించుకోండి. ఒక డెలివరీ ఉద్యోగి రోజుకు 480 నిమిషాలు పనిచేస్తాడనుకుందాం. సరుకు ఎక్కించుకోవడానికీ, సాయంత్రం లెక్క అప్పజెప్పడానికీ ఒక గంట తీసివేస్తే 420 నిమిషాలు మిగులుతాయి. గడప దగ్గర 4 నిమిషాలు, ఒక గడప నుంచి మరో గడపకు 3 నిమిషాలు పడితే అతడు 60 పార్సెళ్లు అందించగలడు. ఆర్డర్లు పలచగా ఉన్న విశాలమైన ప్రాంతానికి అతడినే పంపినప్పుడు ప్రయాణం 8 నిమిషాలకు పెరిగితే, ఆ సంఖ్య 35కు పడిపోతుంది. జీతం తగ్గదు, ఇంధనం ఖర్చు పైపెచ్చు పెరుగుతుంది. కాబట్టి ఊరంతా మాదేనని వ్యాపారులకు మాట ఇవ్వకుండా, నాలుగైదు పేటలను ఎంచుకుని, అక్కడికి సరుకు పంపే వ్యాపారులను ఎక్కువ మందిని కూడగట్టుకోవడం మేలు.

ఒప్పందంలో ధర ఒక్కటే రాసుకుంటే చాలదు. తేలికైన పెద్ద పెట్టె వాహనంలో చోటు తినేస్తుంది కనుక, రవాణా రంగంలో ఘనపరిమాణ బరువు అనే లెక్క వాడుకలో ఉంది: పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో కిలో బరువున్న దిండు ఉన్నా దాన్ని 6 కిలోలుగా లెక్కగట్టాలి. ఎన్నిసార్లు ప్రయత్నించాలి, తిరిగి పంపితే ఛార్జీ ఎవరిది, వసూలైన నగదు ఎన్ని రోజుల్లో జమ చేయాలి అన్నవి కూడా ముందే తేల్చుకోండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది చిరునామా మీద. ‘గుడి వెనక, నీలం గేటు’ అని రాసిన చీటీతో కొత్త ఉద్యోగి పావుగంట తిరిగి, మూడుసార్లు ఫోన్ చేసి, ఆ ఇల్లు కనుక్కుంటాడు. మర్నాడు అదే ఇంటికి మరొకరు వెళ్తే వెతుకులాట మళ్లీ మొదటికి వస్తుంది. పార్సెల్ చేతికిచ్చిన చోటనే ఫోన్‌లో స్థానం (అక్షాంశ రేఖాంశాలు) నమోదయ్యేలా యాప్ తయారుచేయించి, దాన్ని ఆ చిరునామాకు శాశ్వతంగా ముడిపెట్టండి. అక్షాంశంలో ఐదో దశాంశ స్థానం సుమారు 1 మీటరుకు సమానం. మూడు దశాంశ స్థానాల దగ్గరే కత్తిరించి దాచుకుంటే తేడా వంద మీటర్ల దాకా పోతుంది, అంటే పక్క వీధికి వెళ్లినట్టే.

మొదటి ప్రయత్నంలోనే అందిన పార్సెళ్ల శాతాన్ని రోజూ చూడండి. 60లో 9 వెనక్కి వస్తే, మర్నాడు అవే మళ్లీ 9 చోట్ల సమయం తీసుకుంటాయి, ఒకే ఛార్జీకి రెండుసార్లు తిరిగినట్టవుతుంది. బయలుదేరే ముందే సుమారు సమయం తెలిపే సందేశం పంపి, పొరుగువారికి ఇవ్వమనే వీలు, రోజు మార్చుకునే వీలు కల్పిస్తే ఇందులో కొంత తగ్గుతుంది. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని నమోదైన చోటు, ఆ ఇల్లు ఉన్న చోటు ఒకటేనా అని కూడా సరిచూడాలి; పని ఒత్తిడిలో గడప తొక్కకుండానే ఆ మీట నొక్కేయడం ఈ రంగంలో పాత రోగం. అయితే ఉద్యోగిని మందలించే ముందు, అతడికి మోయగలిగినన్ని పార్సెళ్లే ఇచ్చామా అని మనం చూసుకోవాలి.

దారి వేసే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదలండి. పది గడపలకే 36,28,800 వరుసలు సాధ్యం కనుక, వాటన్నిటినీ పోల్చి చూడడం చేతి లెక్కకు అందేది కాదు. కానీ ఏ సందులో వాహనం తిరగదో ఆ పేటలో రోజూ తిరిగేవారికే తెలుస్తుంది, కాబట్టి వరుస మార్చుకునే అధికారం వారికి ఉండాలి. వరుస ఖరారయ్యాక చివర దింపవలసిన పెట్టెను ముందుగా లోపలికి ఎక్కించాలి. ఈ ఒక్క అలవాటు తప్పితే ప్రతి గడప ముందూ వాహనం నిండా వెతకవలసి వస్తుంది.

ఇక నగదు. ఓటీపీ తీసుకున్నాకనే పార్సెల్ అందినట్టు నమోదు కావాలి, రన్ షీట్ (ఆ రోజు అందించాల్సిన పార్సెళ్ల, వసూళ్ల జాబితా) ప్రకారం ఎంత రావాలో, చేతిలో ఎంత ఉందో ఆ సాయంత్రమే సరిపోల్చాలి. వాపసు తెచ్చే వస్తువును కొనుగోలుదారు ఎదుటే విప్పి, ఫొటో తీసి, మళ్లీ సీల్ వేయాలి. లేకుంటే ఖాళీ పెట్టె ఎవరి చేతిలో ఖాళీ అయిందో తేలక, ఆ నష్టం చివరికి డెలివరీ సంస్థ పద్దులోనే పడుతుంది.