పెద్ద సిక్లిడ్‌కి రోజువారీ తిండి: సమస్య - పరిష్కారం

చెన్నైలో రంగుచేపలంటే కొళత్తూరే. అక్కడ సిక్లిడ్ కుటుంబంలోని పెద్ద చేపలైన ఆస్కార్‌నో ఫ్లవర్‌హార్న్‌నో కొన్నవాళ్ళు చాలామంది, దానికి మేతగా ఓ కవరు నిండా చిన్న గోల్డ్‌ఫిష్‌లు కూడా తెచ్చుకుంటారు. పెద్ద చేప వాటిని ఇష్టంగా తినే మాట నిజమే. కానీ కింద చెప్పిన తిప్పలు చాలావరకు ఆ అలవాటుతోనే మొదలవుతాయి. రోజూ వేసేది మంచి పెల్లెట్టే (గుళికల మేతే) కావాలి. రొయ్య, వానపాము లాంటివి వారానికి ఒకట్రెండుసార్లు చాలు.

పెల్లెట్ నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది

ఉమ్మి మళ్ళీ తీసుకుంటుంటే టెన్షన్ పడొద్దు. సిక్లిడ్‌లకు గొంతులో కూడా పళ్ళుంటాయి, అవి నమిలే పద్ధతే అంత. అసలు ముట్టకపోతే మాత్రం బతికున్న చేపలకు అలవాటు పడిందన్నమాట.

ఆ చేపల్ని పూర్తిగా మానేయండి. రొయ్యలు కడిగిన నీళ్ళలో రెండు మూడు పెల్లెట్లను కాసేపు నానబెట్టి వేయండి. ఐదు నిమిషాల్లో తినకపోతే తీసేసి, మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆస్కార్ వారం రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. కష్టమంతా ఇంట్లో "పాపం, ఆకలితో ఉంది" అనేవాళ్ళని ఆపడమే! అయితే ఇన్నాళ్ళూ పెల్లెట్ తిన్న చేప ఉన్నట్టుండి మానేస్తే అది మొండితనం కాదు, ముందు నీళ్ళలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) ఎంతుందో చూడండి.

తల మీద చిన్న చిన్న గుంటలు

దీనికి ఒకటే కారణం ఉండదు. నీళ్ళలో నైట్రేట్ (ఆ వ్యర్థాల నుంచి చివరికి మిగిలేది) పేరుకోవడం, విటమిన్ల లోపం, పేగుల్లో ఉండే స్పైరోన్యూక్లియస్ అనే పరాన్నజీవి, అన్నీ కలిసి రావచ్చు. గోల్డ్‌ఫిష్‌లో ఉండే థయమినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. కాబట్టి రోజూ అవే తినే చేప కడుపు నిండుతుంది కానీ పోషణ అందదు. పైగా వాటితోపాటు రోగాలూ ట్యాంక్‌లోకి వస్తాయి.

ముందు నీళ్ళు: వారానికి మూడోవంతు మార్చండి, క్లోరిన్ తీసేసిన నీళ్ళే పోయండి. తర్వాత పెల్లెట్ డబ్బా తీసి చూడండి. మన ఊరి ఉక్కకీ తేమకీ, మూత తీసిన మేతలో విటమిన్ సి త్వరగా తగ్గిపోతుంది, కొవ్వు మక్కిపోతుంది. చవకని కిలోల లెక్కన లూజుగా కొనకండి. చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరని డబ్బాలో పెట్టి, రెండు మూడు నెలల్లో వాడేయండి. గుంటలు లోతవుతుంటే చేపల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్‌కి చూపించాలి.

పొట్ట ఉబ్బింది, మందకొడిగా ఉంది

ఎక్కువ వేయడం, లేదా చికెన్, బీఫ్ ముక్కలు. కోడి, పశువుల కొవ్వు చేపకు సరిగా అరగదు, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. రెండు రోజులు మేత ఆపి, తర్వాత ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠాణీ వేయండి. పొలుసులు నిక్కబొడుచుకుంటే అది అజీర్తి కాదు, వెంటనే డాక్టర్‌ను అడగండి.

రంగు వెలిసిపోయింది

క్రిల్ (చిన్న రొయ్యలాంటి జీవి) లేదా స్పైరులీనా (ఒక రకం నాచు) కలిసిన పెల్లెట్ వాడండి, అప్పుడప్పుడూ పెంకుతో ఉన్న పచ్చి రొయ్య వేయండి. ఫ్లవర్‌హార్న్ తల మీది బుడిపె మాత్రం ప్రధానంగా జన్యువుల వల్ల వచ్చేది. "తల పెంచే మేత" అని రాసినంత మాత్రాన ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఏ పెల్లెట్ కొనాలి?

ప్యాకెట్ వెనక మొదటి పేరు చేపదో రొయ్యదో ఉండాలి, గోధుమో సోయానో కాదు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్‌లకు ప్రొటీన్ 40 శాతం అటూఇటూ ఉంటే సరిపోతుంది. సెవెరమ్, ఉవారు అనే సిక్లిడ్‌లు ఆకుకూర వైపు మొగ్గేవి, వాటికి స్పైరులీనా ఎక్కువున్నది తీసుకోండి. పెద్ద చేపకు రోజుకి ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత వేస్తే చాలు, వారంలో ఒకరోజు పస్తు. తుఫాను రోజుల్లో కరెంటు పోయి ఫిల్టర్ ఆగిపోతే, అది మళ్ళీ తిరిగేదాకా ఒక్క పెల్లెట్ కూడా వేయొద్దు.