సిగరెట్ మానే పాఠాలు – 4: గమ్‌ను నమిలేయకండి

పోయిన పాఠంలో నికోటిన్ గమ్ (సిగరెట్‌కు బానిసను చేసే నికోటిన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చి, సిగరెట్ మానడానికి సాయపడే చూయింగ్ గమ్) గురించి "గమ్ మెల్లగా నమలండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. వాడినవాళ్లు వెక్కిళ్లన్నారు, గొంతులో మంటన్నారు, కడుపులో తిప్పిందన్నారు. "దీనికంటే సిగరెట్టే నయం" అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ వారం చెబుతానన్న నికోటిన్ ప్యాచ్‌లు (ఒంటికి అంటించుకునే పట్టీలు) వచ్చే పాఠానికి పోయాయి.

మీరు బబుల్‌గమ్‌లా చకచకా నమిలేశారు. నికోటిన్ ఒక్కసారిగా ఊరి, ఉమ్మితో పాటు కడుపులోకి జారిపోయింది. అలా పోయినదాన్ని లివర్ చాలావరకు విరిచేస్తుంది, మెదడుకు చేరేది కొంచెమే. వెక్కిళ్లు వచ్చాయి గానీ సిగరెట్ మీద యావ తగ్గలేదు.

నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా ఎక్కాలి. మా తాతయ్య భోజనమయ్యాక వక్కపలుకు దవడన పెట్టుకుంటే ఎంతసేపటికీ అరిగేది కాదు. గమ్‌నూ అలాగే వాడాలి. మెల్లగా కొరకండి, మిరియంలా చురుక్కుమనగానే ఆపేసి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టండి. చురుకు తగ్గాక మళ్లీ కొరికి, ఈసారి రెండో బుగ్గన. ఇలా అరగంట.

ఇక టీ. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గమ్ బుగ్గన ఉండగానే టీ కొట్టు దగ్గర గ్లాసు అందుకుంటారు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ బుగ్గలోంచి ఎక్కదు. అందుకే గమ్‌కు పావుగంట ముందు నుంచీ, గమ్ ఉన్నంతసేపూ నోట్లోకి మంచినీళ్లు తప్ప ఏమీ పోకూడదు. కాఫీ వద్దు. నిమ్మసోడా, కూల్‌డ్రింక్, మజ్జిగ, పులిహోర, ఏదీ వద్దు. చక్కెర లేని టీ? వద్దు. గ్రీన్ టీ? అదీ టీయే. ఒక్క గుక్క? ఆ గుక్క దగ్గరే కదా ఇన్నాళ్లూ అగ్గిపుల్ల గీసింది!

నా పద్ధతి ఇది: నాలుగింటి టీకి మూడుంబావుకే గమ్ పెట్టేవాణ్ణి. టీ వేళకు గమ్ పని అయిపోయేది, ఒంట్లో నికోటిన్ ఉండేది. టీ తర్వాత ఒక లవంగం. లవంగం మందేమీ కాదు, నా అలవాటు.

ఇంకో సంగతి. సిగరెట్ పొగ వల్ల లివర్ కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది. పొగ ఆగాక అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా గమ్‌నే తిట్టకండి, ముందు కప్పులు సగానికి తగ్గించండి.

రోజుకు మూడే వాడి "పనిచేయలేదు" అన్నవాళ్లకు: మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు కనీసం తొమ్మిది. 2 మి.గ్రా. నికోటిన్ ఉన్న గమ్‌లైతే రోజుకు 24 దాటకూడదు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

గమ్ లేకుండా మానుతున్నవాళ్లకు కొత్త పాఠమేమీ లేదు. యావ వచ్చినప్పుడు ఐదు నిమిషాలు గడియారం చూడండి. మరీ కష్టమైతే పొగాకు మానేవాళ్లకు సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

అభ్యాసం: మూడు రోజులపాటు ప్రతి గమ్‌కూ పెట్టిన టైము, మొదట చురుక్కుమన్న టైము, తీసేసిన టైము రాయండి. టీలు ఎర్ర ఇంకుతో. ఏ ఎర్ర గీతైనా గమ్ టైములో పడిందా, ఆ రోజు కొట్టేసి మళ్లీ ఒకటో రోజు నుంచి.