నరం కోసే ముందు కరెంటు పెట్టి చూడండి

నరం మార్పిడి ఆపరేషన్‌లో (పనిచేసే నరంలో కొంత భాగాన్ని దెబ్బతిన్న నరానికి కలపడం) ఏది ఉంచాలి, ఏది కోయాలి అనేది కంటితో చూసి తేల్చే విషయం కాదు. ముడిపడి గట్టిపడ్డ నరం లోపల చక్కగా కోలుకుంటూ ఉండొచ్చు, పైకి నున్నగా కనిపించేది పనికిరాకుండా పోయి ఉండొచ్చు.

ముందు మత్తు డాక్టరుతో మాట్లాడండి. కండరాలను సడలించే మందు ఇస్తే తక్కువసేపు పనిచేసేదే ఇవ్వాలి, నరం చుట్టూ లోకల్ అనస్థీషియా వేయకూడదు. టోర్నికే (రక్తం ఆపే పట్టీ) కట్టి 20–30 నిమిషాలు దాటితే రక్తం అందక నరం మొద్దుబారుతుంది, కాబట్టి విప్పి ఓ 20 నిమిషాలు ఆగాకే పరీక్షించండి. స్టిమ్యులేటర్‌ను (నరానికి కరెంటు పెట్టే పరికరం) 0.5 మిల్లీ ఆంపియర్లతో మొదలుపెట్టి 2 దాకా పెంచొచ్చు. కండరం కదల్లేదా? వెంటనే నరం పోయిందనుకోకండి, బాగున్న నరం మీద పెట్టి చూడండి, అక్కడా కదలకపోతే తప్పు మత్తుదో మిషన్‌దో. ఇంకో మోసం ఉంది: దెబ్బ తగిలి మూడు రోజులు కాకపోతే తెగిన నరం కింది భాగం కూడా స్పందిస్తుంది!

తెగకుండా ముడిపడిన నరమైతే కండరం కదలికతో సరిపెట్టుకోకండి, కోలుకుంటున్న పోగులు ఇంకా కండరం దాకా చేరి ఉండవు. ఎలక్ట్రోడ్ల మీద నరాన్ని తడి నుంచి పైకెత్తి, ప్రేరణకూ రికార్డింగుకూ మధ్య కనీసం 4 సెంటీమీటర్లు ఉంచి, ముందు ముడికి పైనున్న మంచి భాగంలో సిగ్నల్ వస్తోందో లేదో చూసి, ఆ తర్వాత రికార్డింగు ఎలక్ట్రోడ్‌ను ముడి దాటించండి. సిగ్నల్ ముడి దాటి వచ్చిందంటే చుట్టూ ఉన్న మచ్చకణజాలాన్ని విడదీసి వదిలేయడమే మేలు. దెబ్బ తగిలి మూడు నాలుగు నెలలైనా రాలేదంటే ముడి కోసి అతుకు వేయాలి, లేదా మార్పిడికి వెళ్లాలి. బ్రాకియల్ ప్లెక్సస్‌లో (మెడ దగ్గర వెన్నుపాము నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) మాత్రం సిగ్నల్ పెద్దదిగా, వేగంగా వచ్చిందని సంబరపడకండి. వేరు వెన్నుపాము దగ్గరే ఊడిపోయినా స్పర్శ పోగులు బతికే ఉంటాయి, అది వాటి సిగ్నల్ కావచ్చు. మెదడు దాకా చేరుతోందో లేదో ఎస్‌ఎస్‌ఈపీతో (నరాన్ని ప్రేరేపించి మెదడు స్పందనను నమోదు చేసే పరీక్ష) చూసుకోవాలి.

ఇక దాత పోగు (ఇక్కడ పోగు అంటే నరంలోని పోగుల కట్ట, ఫాసికిల్). 1994లో ఒబెర్లిన్ బృందం చెప్పిన పద్ధతిలో అల్నార్ నరం (ముంజేతి, అరచేతి కండరాలను నడిపేది) నుంచి ఒక పోగు తీసి, మోచేయి వంచే బైసెప్స్ కండరానికి వెళ్లే నరం కొమ్మకు కలుపుతారు. పోగులను విడదీసి ఒక్కోదాన్నీ తక్కువ కరెంటుతో తాకండి. మణికట్టు వంచే కండరం బాగా కదిలి, చేతి చిన్న కండరాలు దాదాపు కదలని పోగు కావాలి. కోసే ముందు రెండు పనులు చేయండి: బైసెప్స్ కొమ్మను తాకండి, కండరం ముడుచుకుంటే ఆగి మళ్లీ ఆలోచించండి, మిగిలిన అల్నార్ పోగులను తాకండి, మణికట్టు, వేళ్లు ఇంకా గట్టిగా కదులుతుంటేనే కత్తెర తీసుకోండి.