మన పోస్ట్‌గ్రెస్ సర్వర్ మనమే పెట్టుకుందాం: 3వ పాఠం – నాలుగు తలుపులు

రెండో పాఠం అయ్యేసరికి మన దగ్గర రెండు మెషిన్లు సిద్ధంగా ఉన్నాయి. రెండూ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో, ఒకే వీపీసీలో (మనకంటూ ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్), ఉబుంటు 24.04 మీద నడుస్తున్నాయి. లైబ్రరీ యాప్ ఉన్న మెషిన్ ప్రైవేట్ ఐపీ 10.0.1.10. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టబోయే మెషిన్‌ది 10.0.1.20. మీ నంబర్లు వేరైతే అవే వాడండి.

ఎప్పటిలాగే కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇస్తున్నాం. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, కోట్స్ ఉన్నవి ఉన్నట్టే.

ఇన్‌స్టాల్ చేయడం రెండు లైన్ల పని:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

ఉబుంటు 24.04 ఇచ్చేది వెర్షన్ 16. దానికి 2028 నవంబర్ దాకా మద్దతు ఉంది కాబట్టి కొత్త వెర్షన్ కోసం వేరే రిపాజిటరీ కలపాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

ఇక్కడే చాలామంది కంగారుపడే చోటు ఒకటుంది. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అని కొడితే 'యాక్టివ్ (ఎగ్జిటెడ్)' అని వస్తుంది. సర్వర్ ఆగిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ పేరుతో ఉన్నది ఉత్త గొడుగు సర్వీస్. అసలు సర్వర్ 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@16-మెయిన్' కింద నడుస్తుంది. 'పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్' కొట్టి చూడండి. 16, మెయిన్, 5432 (సర్వర్ వినే పోర్ట్ నంబర్), ఆన్‌లైన్ అని ఒక వరుస కనిపిస్తే అంతా బాగున్నట్టే.

ఇప్పుడు సర్వర్ 127.0.0.1 (మెషిన్ తన లోపలే వాడుకునే అడ్రస్) మీద మాత్రమే వింటోంది, అంటే బయటివాళ్లెవరికీ కనబడదు. ఈ స్థితి మంచిది. తొందరపడి తెరవకండి, లోపల సర్దుకోవాల్సింది ఉంది.

యాప్ మెషిన్ నుంచి బయల్దేరిన ప్యాకెట్ డేటాబేస్ చేరాలంటే నాలుగు తలుపులు దాటాలి. మొదటిది క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్, అంటే మెషిన్ బయట ఏడబ్ల్యూఎస్ పెట్టే కాపలా. రెండోది మెషిన్ లోపలి ఫైర్‌వాల్, యూఎఫ్‌డబ్ల్యూ. మూడోది పోస్ట్‌గ్రెస్ ఏ అడ్రస్ మీద వింటోందన్నది. నాలుగోది ఎవరు, ఎక్కడి నుంచి, ఏ డేటాబేస్‌కి రావచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైల్. మనం లోపలి నుంచి బయటకు తెరుచుకుంటూ వెళ్దాం. బయటి తలుపు చివరగా తెరుచుకుంటే, మధ్యలో ఎక్కడ పొరపాటు చేసినా ఎవరికీ అందదు.

ముందు యూజర్లు. 'సుడో -యూ పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్' కొడితే పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పోతారు. దాన్ని పీర్ పద్ధతి అంటారు: లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒకటే అయితే చాలు. డైరెక్టరీ మార్చలేకపోయానని ఒక హెచ్చరిక వస్తే వదిలేయండి. మీ హోమ్ ఫోల్డర్‌లోకి పోస్ట్‌గ్రెస్ యూజర్ రాలేడు, అంతే. ఈ పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్‌కి పాస్‌వర్డ్ పెట్టకండి. పాస్‌వర్డ్ లేని ఖాతాలోకి నెట్‌వర్క్ నుంచి పాస్‌వర్డ్ పద్ధతిలో ఎవరూ రాలేరు. ఇప్పుడు లోపల ఇవి కొట్టండి (యూజర్‌నే ఇక్కడ రోల్ అంటారు):

క్రియేట్ రోల్ గ్రంథ్_ఓనర్ నోలాగిన్;
క్రియేట్ రోల్ గ్రంథ్_యాప్ లాగిన్;
క్రియేట్ డేటాబేస్ గ్రంథాలయం ఓనర్ గ్రంథ్_ఓనర్;
రివోక్ కనెక్ట్ ఆన్ డేటాబేస్ గ్రంథాలయం ఫ్రమ్ పబ్లిక్;
గ్రాంట్ కనెక్ట్ ఆన్ డేటాబేస్ గ్రంథాలయం టు గ్రంథ్_యాప్;

నాలుగో లైన్ చాలా పాఠాల్లో ఉండదు. కొత్త డేటాబేస్ దేనికైనా కనెక్ట్ అయ్యే హక్కు అందరికీ ముందే ఉంటుంది, తీసేస్తేనే పోతుంది.

పాస్‌వర్డ్ కోసం ఇంకో టెర్మినల్‌లో 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండ్ -హెక్స్ 24' కొడితే 48 అక్షరాలు వస్తాయి. హెక్స్ అనడానికి కారణం ఉంది. పాస్‌వర్డ్‌లో @ గుర్తో / గుర్తో ఉంటే కనెక్షన్ యూఆర్ఎల్ అక్కడే విరిగిపోతుంది, తప్పు పాస్‌వర్డ్ అనుకుని గంటలు పోగొట్టుకుంటారు. దాన్ని పెట్టడానికి పీఎస్‌క్యూఎల్‌లో '\పాస్‌వర్డ్ గ్రంథ్_యాప్' వాడండి. ఆల్టర్ రోల్ కమాండ్‌తో పెడితే పాస్‌వర్డ్ హిస్టరీ ఫైల్‌లో, సెట్టింగును బట్టి సర్వర్ లాగ్‌లో కూడా, పచ్చిగా పడి ఉంటుంది.

'\సీ గ్రంథాలయం' కొట్టి ఆ డేటాబేస్‌లోకి మారి, టేబుల్స్ మీద హక్కులివ్వండి (స్కీమా అంటే టేబుల్స్ ఉండే అర):

గ్రాంట్ యూసేజ్ ఆన్ స్కీమా పబ్లిక్ టు గ్రంథ్_యాప్;
ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ గ్రంథ్_ఓనర్ ఇన్ స్కీమా పబ్లిక్ గ్రాంట్ సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఆన్ టేబుల్స్ టు గ్రంథ్_యాప్;

ఈ రెండో కమాండ్ ఇకపై గ్రంథ్_ఓనర్ సృష్టించే టేబుల్స్‌కే వర్తిస్తుంది. పాతవాటికి వర్తించదు, మీరు సూపర్‌యూజర్‌గా సృష్టించినవాటికీ వర్తించదు. అందుకే టేబుల్స్ సృష్టించే ముందు 'సెట్ రోల్ గ్రంథ్_ఓనర్;' కొట్టడం అలవాటు చేసుకోండి. ఐడీ కాలమ్‌కి సీరియల్ వాడితే సీక్వెన్స్ (వరుస నంబర్లిచ్చేది) మీద కూడా విడిగా హక్కివ్వాలి. ఐడెంటిటీ కాలమ్‌కి ఆ బాధ లేదు. ఇక యాప్ యూజరే టేబుల్ సృష్టించబోతే 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అని వస్తుంది. 2022లో వచ్చిన వెర్షన్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో ఎవరంటే వాళ్లు టేబుల్స్ పెట్టడం కుదరదు. పాత పాఠాలు చూసి చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇప్పుడు నాలుగో తలుపు. /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/మెయిన్/పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ తెరిచి చివర ఈ ఒక్క లైన్ చేర్చండి:

హోస్ట్‌ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయం గ్రంథ్_యాప్ 10.0.1.10/32 స్క్రామ్-షా-256

వరుసగా ఇవి: ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షనే రావాలని, డేటాబేస్, యూజర్, ఐపీ (/32 అంటే ఆ ఒక్క ఐపీయే), పాస్‌వర్డ్ పద్ధతి. సర్వర్ ఈ ఫైల్‌ను పైనుంచి కిందికి చదువుతుంది. సరిపోయిన మొదటి లైన్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పాస్‌వర్డ్ తప్పితే కింది లైన్లు చూడదు. కాబట్టి పైన ఎక్కడో వదులుగా ఒక లైన్ ఉంటే కింద ఎంత బిగించినా లాభం లేదు. పని జరగనప్పుడు 'ఆల్, ఆల్, 0.0.0.0/0, ట్రస్ట్' అని పెట్టమనే సలహా ఎక్కడ కనిపించినా దాటిపోండి. దానర్థం లోకంలో ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా సూపర్‌యూజర్‌గా రావచ్చని. సూపర్‌యూజర్‌కి 'కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్' అనే కమాండ్ ఉంది, దాంతో మెషిన్ మీదే షెల్ కమాండ్లు నడపొచ్చు. క్రిప్టో మైనింగ్ ముఠాలు తెరిచి ఉన్న పోస్ట్‌గ్రెస్ సర్వర్లలోకి చొరబడి చేసే పని అదే. పోయేది డేటా ఒక్కటే కాదు, మెషిన్ కూడా.

'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' చేసి, పీఎస్‌క్యూఎల్‌లో 'సెలెక్ట్ * ఫ్రమ్ పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్;' చూడండి. ఎర్రర్ కాలమ్ ఖాళీగా ఉండాలి. ఫైల్‌లో అక్షరదోషం ఉంటే రీలోడ్ మాట్లాడకుండా పాత నిబంధనలనే కొనసాగిస్తుంది, మీకు తెలియనే తెలియదు.

మూడో తలుపు: అదే ఫోల్డర్‌లో కాన్ఫ్.డీ అనే ఉపఫోల్డర్ ఉంది. అందులో లోకల్.కాన్ఫ్ అనే ఫైల్ పెట్టి ఇలా రాయండి:

లిజన్_అడ్రెసెస్ = 'లోకల్‌హోస్ట్,10.0.1.20'

ఇక్కడ రాసేది సర్వర్ సొంత అడ్రస్, వచ్చేవాళ్లది కాదు. యాప్ మెషిన్ ఐపీ రాయడం అందరూ చేసే తప్పు. ఈ మార్పుకి రీలోడ్ చాలదు, రీస్టార్ట్ చేయాలి. తర్వాత 'ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్' కొడితే 10.0.1.20:5432 కనిపించాలి. మెషిన్‌ను ఒకసారి రీబూట్ చేసి మళ్లీ చూడండి. నెట్‌వర్క్ లేవకముందే పోస్ట్‌గ్రెస్ లేస్తే, దొరికిన అడ్రస్ ఒక్కదాని మీదే విని ఊరుకుంటుంది. లాగ్‌లో ఒక హెచ్చరిక తప్ప చప్పుడుండదు.

రెండో తలుపు దగ్గర వరుస ముఖ్యం:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్
సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 10.0.1.10 టు ఎనీ పోర్ట్ 5432 ప్రోటో టీసీపీ
సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్

మొదటి లైన్ మరిచి మూడోది కొడితే, మీరే బయట ఉండి లోపలి గడియ వేసుకున్నట్టు.

మొదటి తలుపు ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో ఉంటుంది. డేటాబేస్ మెషిన్ సెక్యూరిటీ గ్రూప్‌లో టీసీపీ 5432కి ఇన్‌బౌండ్ రూల్ చేర్చండి. సోర్స్ దగ్గర ఐపీకి బదులు యాప్ మెషిన్ సెక్యూరిటీ గ్రూప్‌నే ఎంచుకోండి. యాప్ కోసం రేపు రెండో మెషిన్ పెడితే ఈ రూల్ ముట్టుకోనక్కర్లేదు. యూఎఫ్‌డబ్ల్యూలో, పీజీ_హెచ్‌బీఏలో మాత్రం చేర్చాలి.

యాప్ మెషిన్‌లో 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్' ప్యాకేజీ వేసి ప్రయత్నించండి:

పీఎస్‌క్యూఎల్ "హోస్ట్=10.0.1.20 డీబీనేమ్=గ్రంథాలయం యూజర్=గ్రంథ్_యాప్ ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్=రిక్వైర్"

కుదరకపోతే కంగారుగా అన్నీ తెరిచేయకండి. ఏ తలుపు దగ్గర ఆగారో వచ్చిన సందేశమే చెబుతుంది. చాలాసేపు ఏమీ రాక చివరికి టైమ్ అవుట్ అంటే మొదటిదో రెండోదో. ఆ రెండిట్లో ఏదో తేల్చుకోవడానికి డేటాబేస్ మెషిన్ మీద 'సుడో టీసీపీడంప్ -ఎన్ఐ ఎనీ పోర్ట్ 5432' నడిపి, అవతల మళ్లీ ప్రయత్నించండి. ప్యాకెట్లు కనిపిస్తే సెక్యూరిటీ గ్రూప్ దాటాయి, యూఎఫ్‌డబ్ల్యూ ఆపుతోంది. ఏమీ కనిపించకపోతే ఇంకా గుమ్మం బయటే ఉన్నారు. వెంటనే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే ఆ అడ్రస్ మీద ఎవరూ వినడం లేదు, అంటే మూడోది. 'నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ' అంటే నాలుగోది. ఆ సందేశంలోనే సర్వర్‌కి కనిపించిన ఐపీ, యూజర్, డేటాబేస్ పేర్లుంటాయి, మీ లైన్‌తో అక్షరం అక్షరం పోల్చండి. 'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్' వస్తే తలుపులన్నీ దాటినట్టే. అయితే అసలు ఆ యూజరే లేకపోయినా ఇదే సందేశం వస్తుంది. నిజం /వార్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/ కింది లాగ్‌లో ఉంటుంది.

రిక్వైర్ అంటే దారిలో డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంతవరకే. అవతల ఉన్నది మన సర్వరేనా అని అది చూడదు. ఉబుంటు పెట్టిన సర్టిఫికెట్ తనకు తానే సంతకం చేసుకున్నది. దాన్ని మార్చి వెరిఫై-ఫుల్‌కి (సర్వర్ మనదేనా అని కూడా చూసే మోడ్) వెళ్లడం 5వ పాఠంలో.

మీ ల్యాప్‌టాప్ నుంచి చూడాలంటే? ఇంటి ఐపీకి 5432 తెరవకండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ తరచూ మారుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ అయితే ఒకే ఐపీని ఎందరో పంచుకుంటారు. మీకు తెరిచింది వాళ్లందరికీ తెరిచినట్టే. ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం చాలు:

ఎస్‌ఎస్‌హెచ్ -ఎల్ 5433:10.0.1.20:5432 ఉబుంటు@యాప్-మెషిన్-పబ్లిక్-ఐపీ

ఇక్కడ -ఎల్ మాత్రం పెద్ద అక్షరంలో కొట్టాలి. దీన్ని నడుస్తూ ఉండనిచ్చి, ల్యాప్‌టాప్‌లోని టూల్‌ను లోకల్‌హోస్ట్ 5433కి కలపండి. సర్వర్‌కి మీరు 10.0.1.10 నుంచి వచ్చినట్టే కనిపిస్తారు, కాబట్టి ఏ కొత్త రూలూ అక్కర్లేదు.

అభ్యాసం: నాలుగు తలుపుల్నీ ఒక్కొక్కటిగా మూసి, ప్రతిసారీ వచ్చిన సందేశాన్ని రాసుకుని, మళ్లీ తెరవండి. తర్వాత ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్=డిజేబుల్ పెట్టి ప్రయత్నించండి. ఏ తలుపు దగ్గర ఆగారో, సందేశం చివర్లో ఏ మాట మారిందో చూడండి. నాలుగో పాఠం బ్యాకప్‌ల మీద. దానికోసం గ్రంథాలయం డేటాబేస్‌లో గ్రంథ్_ఓనర్‌గా ఒక టేబుల్ సృష్టించి పది వరుసలు నింపి ఉంచుకోండి.