లెదర్ బ్యాగ్‌కు ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి

నా మొదటి లెదర్ బ్యాగ్‌ని వాడి పాడుచేయలేదు, బాగుచేద్దామని కూర్చుని పాడుచేశాను. లేత గోధుమ రంగు బ్యాగ్, కొని ఏడాది కూడా కాలేదు. కాస్త పొడిబారినట్టు కనిపిస్తోందని ఒక ఆదివారం కొబ్బరినూనె పట్టించి గుడ్డతో తెగ రుద్దాను. ఆ పూటకి నిగనిగలాడింది. మర్నాడు చూస్తే రంగు బాగా ముదిరిపోయింది, అదీ అంతటా ఒకేలా కాదు, నూనె ఎక్కువ తాగిన చోట ముదురుగా, తగలని చోట లేతగా, మచ్చలు మచ్చలుగా. కొన్ని నెలలయ్యేసరికి దుమ్మంతా పట్టి జిడ్డోడుతూ, దగ్గర పెట్టుకుంటే మక్కిన నూనె వాసన. అప్పట్నుంచి ఎవరైనా బ్యాగ్ గురించి అడిగితే నేను ముందు చెప్పేది ఏం చేయకూడదన్నదే, ఏం చేయాలన్నది ఆ తర్వాత.

అసలు తోలుకి ఏం కావాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. తోలంటే కొలాజెన్ పోగుల అల్లిక. పచ్చి చర్మాన్ని కుళ్లిపోకుండా శుద్ధి చేశాక, ఆ పోగులు ఒకదానికొకటి అంటుకుపోకుండా మధ్యలోకి కొవ్వు ఎక్కిస్తారు. బ్యాగ్ మెత్తగా వంగేది అందువల్లే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొవ్వు తగ్గుతుంది, పోగులు బిగుసుకుంటాయి, మడత పడే చోట నెర్రెలు వస్తాయి. ఇంకో సంగతి, తోలు కొంచెం ఆమ్ల గుణం ఉన్నది. మామూలు సబ్బేమో క్షారం, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. అందుకే సబ్బునీళ్లతో మళ్లీ మళ్లీ కడిగిన తోలు గట్టిపడిపోతుంది. వెనిగర్, బేకింగ్ సోడా నీళ్లు, తడి వైప్స్, గిన్నెలు తోమే లిక్విడ్, ఇవన్నీ ఇంట్లో దొరుకుతాయి కదా అని తోలు మీద ప్రయోగించకండి.

ముందు మీ బ్యాగ్ ఏ రకమో చూసుకోవాలి. అడుగునో, ఫ్లాప్ వెనకో, ఎవరికీ కనిపించని చోట ఒక్క నీటి చుక్క వేసి ఒక నిమిషం ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే పైన రంగు పూత ఉన్న తోలన్నమాట. ఇది కాస్త మొండిది, తడి గుడ్డకి భయపడదు. చుక్క ఇంకిపోయి అక్కడ ముదురు మచ్చ పడితే పూత లేని తోలు, దీన్ని అనిలిన్ అనో వెజిటబుల్ టాన్డ్ అనో అంటారు (రెండూ ఒకటి కాదు, ఒకటి రంగు వేసే పద్ధతి, రెండోది శుద్ధి చేసే పద్ధతి, కానీ శుభ్రం చేసే మనకి రెంటితోనూ ఒకే జాగ్రత్త కావాలి). ఇలాంటి తోలు ఏం పోసినా తాగేస్తుంది. నూగుగా ఉంటే స్వేడ్ లేదా న్యూబక్, వాటి సంగతి వేరే. అద్దంలా మెరుస్తుంటే పేటెంట్ లెదర్.

అసలు తోలేనా కాదా అన్న అనుమానం ఉంటే కోసిన అంచు ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి. పోగులు పోగులుగా ఉంటే తోలు, బట్ట మీద ప్లాస్టిక్ పొర అతికించినట్టు ఉంటే ఫాక్స్ లెదర్. దాన్ని మెత్తటి తడి గుడ్డతో తుడుచుకుంటే చాలు. కండిషనర్లు (తోలుని మెత్తగా ఉంచడానికి రాసే క్రీములు) రాయడం దండగ, ఆ పొరలోకి ఏమీ ఇంకదు. గాలిలో చెమ్మకి ఆ ప్లాస్టిక్ పొర, అంటే పాలీయురెథేన్, మెల్లగా విడిపోయి పెచ్చులూడటం మొదలైందంటే దాన్ని ఆపే క్రీమ్ లేదు.

ఇక రోజువారీ సంగతి. వారానికోసారి బ్యాగ్‌ని పూర్తిగా ఖాళీ చేసి, లైనింగ్‌ని బయటికి లాగి దులపండి. తోలు మీద ధ్యాసలో లోపలి సంగతి చాలామంది మర్చిపోతారు. మూలల్లో చేరిన ఇసుక, పిన్నులు, మూత ఊడిన పెన్ను, ఇవన్నీ లోపలి నుంచి బ్యాగ్‌ని తినేస్తుంటాయి. పెన్నులకీ మేకప్ సామానుకీ ఒక చిన్న పౌచ్ పెట్టుకుంటే ఇంకు మరకల బాధ చాలావరకు ఉండదు. తర్వాత పైన మెత్తటి పొడి నూలు గుడ్డతో ఒకసారి తుడవండి, కుట్ల దగ్గర దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్. అంతే, మామూలుగా వాడే బ్యాగ్‌కి ఎక్కువ వారాలు ఇంతకు మించి అక్కర్లేదు.

నిజంగా మురికి పట్టినప్పుడు మాత్రమే తడి. గుడ్డని తడిపి గట్టిగా పిండండి, చేతికి చల్లగా తగలాలి గానీ నీరు అంటకూడదు. దాంతో పోకపోతే లెదర్ క్లీనర్ తెచ్చుకోండి, గుడ్డ మీద కొంచెం వేసి నురగ తెచ్చి ఆ నురగతోనే తుడవాలి, బ్యాగ్ మీద నేరుగా పోయకూడదు. ఏది వాడినా ముందు కనిపించని చోట రాసి, ఆరాక రంగు మారిందేమో, గుడ్డకి రంగు అంటిందేమో చూడండి. ఇంకొకటి, మరక ఉన్న చోట మాత్రమే రుద్దితే అక్కడ శుభ్రమైన గుండ్రటి మచ్చ తయారవుతుంది, అది మరక కంటే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఆ ముక్క మొత్తం తుడవండి.

బాగా ఆరాక కండిషనర్. బఠాణీ గింజంత తీసుకోండి, గుడ్డకి రాసి, పల్చగా, గుండ్రంగా తిప్పుతూ అంతటా పట్టించండి. పది పదిహేను నిమిషాలాగి పొడి గుడ్డతో మిగిలింది తుడిచేయండి. ఏడాదికి రెండు మూడు సార్లు చాలు. గాలి బాగా పొడిగా ఉండే చోట, ఏసీ గదుల్లోనే రోజంతా గడిచే బ్యాగ్‌కి ఇంకోసారి ఎక్కువ. క్యాలెండర్ చూసి రాయడం కంటే వేళ్లతో పట్టుకుని చూడండి, మెత్తగా వంగుతుంటే దాని జోలికి పోవద్దు. పూత ఉన్న తోలులోకి కండిషనర్ పెద్దగా దిగదు కాబట్టి దానికి ఇంకా తక్కువ. మరీ ఎక్కువ పట్టిస్తే తోలు సాగిపోయి, ఆకారం జారిపోయి, దుమ్ముని అయస్కాంతంలా లాగుతుంది. లేత రంగు బ్యాగ్ అయితే మింక్ ఆయిల్, నీట్స్‌ఫుట్ ఆయిల్ లాంటి తోలుకి రాసే జంతు కొవ్వు నూనెలు రంగు ముదురుస్తాయి, ఆ సంగతి తెలిసే వాడండి. వంటనూనెలు ఏవీ వద్దు, ఆలివ్ నూనె అయినా సరే. నా కథ పైన చెప్పాను కదా.

వానలో తడిసిందా? కంగారు పడకండి, తోలు తడవడం వల్ల కంటే తడిసిన తోలుని హడావిడిగా ఆరబెట్టడం వల్లే ఎక్కువ పాడవుతుంది. తడి తోలుకి వేడి తగిలితే పోగులు ముడుచుకుపోతాయి, మళ్లీ సాగవు. ఎండ, హీటర్, హెయిర్ డ్రయర్, ఇస్త్రీ పెట్టె ఏదీ వద్దు. లోపలివన్నీ తీసేసి, పైన నీటిని గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. అక్కడక్కడ చుక్కలు పడి ఉంటే ఆ ముక్క మొత్తాన్ని తడి గుడ్డతో సమంగా అద్దితే అంతా ఒకేలా ఆరి మచ్చలు పడవు. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. లోపల తెల్ల కాగితాలు నలిపి కూరండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా లైనింగ్‌కి అంటుతుంది. కొన్ని గంటలకోసారి కాగితాలు మారుస్తూ, ఫ్యాన్ గాలి తిరిగే నీడలో ఒకటి రెండు రోజులు వదిలేయండి. చివర్లో కాస్త కండిషనర్.

మరకల్లో నూనెది ఒక్కటే మన చేతిలో ఉన్నది, అదీ వెంటనే చూసుకుంటే. నీళ్లు తగలనివ్వకుండా పొడి గుడ్డతో అద్ది, పైన మొక్కజొన్న పిండి గానీ టాల్కమ్ పౌడర్ గానీ మందంగా చల్లి రాత్రంతా ఉంచండి, పొద్దున బ్రష్‌తో దులిపేయండి. ఒకసారికి పోకపోతే రెండోసారి. ఇంకు మరక మాత్రం ఏడిపిస్తుంది. పూత ఉన్న తోలు మీద వెంటనే పొడి గుడ్డతో అద్ది, లెదర్ కోసమే చేసిన ఇంక్ రిమూవర్ వాడితే కొంత పోతుంది. పూత లేని దాని మీద పడితే అది అక్కడ కాపురం పెట్టేసినట్టే. నెయిల్ పాలిష్ రిమూవర్, స్పిరిట్, హెయిర్ స్ప్రేతో పోతుందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, పోతుంది నిజమే, దాంతోపాటు తోలు రంగు కూడా పోతుంది. కొత్త జీన్స్ నీలం లేత బ్యాగ్‌కి అంటుకోవడం కూడా ఇలాంటిదే, అంటిన రోజే తుడిస్తే వస్తుంది, నెల తర్వాత రాదు.

హ్యాండిల్ నల్లబడుతోందంటే అది చేతి చెమట, జిడ్డు. మిగతా బ్యాగ్ కంటే హ్యాండిల్‌ని తరచుగా తుడవాలి. శానిటైజర్ రాసుకుని తడి చేత్తో పట్టుకుంటే అందులోని ఆల్కహాల్ పైపూతని కరిగించేస్తుంది, చేతులు ఆరనిచ్చి పట్టుకోండి. హ్యాండ్ క్రీమ్‌కీ అదే మాట.

ఇప్పుడు బూజు, అసలు తలనొప్పి ఇదే. బ్యాగ్ మీద తెల్లగా కనిపించిందల్లా బూజు కాదు. ఒక్కోసారి తోలు లోపలి కొవ్వే పైకి తేలి తెల్లటి పొరలా ఏర్పడుతుంది. హెయిర్ డ్రయర్‌ని దూరంగా పట్టుకుని రెండు క్షణాలు ఊదండి (పొడి తోలు మీద కాబట్టి ఫర్వాలేదు), కరిగి మాయమైతే అది కొవ్వు, గుడ్డతో తుడిచేస్తే సరి. కరగకుండా నూగులా ఉండి ముక్క వాసన వస్తుంటే బూజు. దాన్ని ఇంట్లో దులపకండి, ముక్కుకి మాస్క్ కట్టుకుని బయటికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో దులపండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డని అందులో ముంచి గట్టిగా పిండి తేలిగ్గా తుడవండి. పైన ఆల్కహాల్ వద్దని చెప్పి ఇప్పుడు వాడమంటున్నానని మీరనుకోవచ్చు, బూజు దగ్గర వేరే దారి లేక. అందుకే పల్చన చేసి, చాటున పరీక్షించి, తడి కాకుండా తుడవాలి. గాలికి పూర్తిగా ఆరాక ఒక రోజు ఆగి కండిషనర్. ఆ బ్యాగ్ ఉన్న అల్మారా అర కూడా తుడిచి ఆరబెట్టండి, లేకపోతే నెలలోపు మళ్లీ వస్తుంది.

గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజుకి పండగే. మూసి ఉంచిన అల్మారాలో తేమని పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, కానీ ఆ పొట్లాలు కొన్నాళ్లకి నిండిపోతాయి, బ్యాగ్‌తో పాటు వచ్చిన పొట్లం ఐదేళ్లుగా అక్కడే ఉంటే అది అలంకారానికే. బ్యాగ్‌ని పాలిథిన్ కవర్లో చుట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు, తేమ లోపలే చిక్కుకుపోతుంది. పాత నూలు దిండు గలీబు బ్రహ్మాండంగా సరిపోతుంది. లోపల తెల్ల కాగితం కూరి, చైన్లు, పట్టీలు తోలు మీద ఒత్తుకోకుండా తీసి, నిలబెట్టి ఉంచండి. హ్యాండిల్‌తో కొక్కేనికి వేలాడదీస్తే అది సాగిపోతుంది. పేటెంట్ బ్యాగ్‌ని మాత్రం ఇంకో రంగు బ్యాగ్‌కి ఆనించకండి, పక్కదాని రంగు పీల్చుకుంటుంది, ఇక పోదు. నెలకోసారి అన్నిటినీ బయటికి తీసి గాలి తగలనివ్వండి.

స్వేడ్, న్యూబక్ వాళ్లకి: పైన చెప్పిన క్రీములేవీ మీకు కాదు. స్వేడ్ బ్రష్‌తో నూగు ఒకే వైపుకి దువ్వండి, చిన్న మరకలకి తెల్ల రబ్బరుతో చెరపండి. వాటర్‌ప్రూఫ్ స్ప్రే ఒకటి కొత్తలోనే కొట్టుకుంటే మంచిది.

జిప్పు పట్టేస్తుంటే పళ్ల మీద పెన్సిల్ ములుకు గానీ కొవ్వొత్తి గానీ రుద్దండి, నూనె పోయొద్దు. ఇత్తడి బకిల్స్ చుట్టూ ఆకుపచ్చగా చిలుం పేరుకుంటుంది, తోలులోని కొవ్వు రాగితో కలిసి అలా అవుతుంది. అగ్గిపుల్లతో గీరి పొడి గుడ్డతో తుడవండి. ఇత్తడి పాలిష్ వాడాలనుకుంటే కింద తోలుకి తగలకుండా కాగితం అడ్డం పెట్టాలి.

కుట్టు ఒకటి రెండు పోగులు ఊడితే లాగకండి, ఊడినప్పుడే కుట్టించేస్తే పది నిమిషాల పని, పట్టీ చేతికొచ్చేదాకా ఆగితే తోలే చిరుగుతుంది. అంచుల మీద రంగు పగిలినా, హ్యాండిల్ మొదట్లో చీలినా ఇంట్లో జిగురుతో ప్రయత్నించకుండా బ్యాగులు బాగుచేసేవాళ్లకి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు మాత్రం పాలిష్ వేయొద్దని ముందే చెప్పండి. అడక్కుండానే మర్యాదకి బూట్ల పాలిష్ ఒక చేయి వేసిస్తారు, చూడటానికి బాగానే ఉంటుంది, భుజానికి తగిలించుకున్నాక మీ తెల్ల చొక్కా చూసుకుంటే తెలుస్తుంది.