ఇంటి దగ్గర బడి – 2వ పాఠం: నీళ్లు ఒంపడం

మొదటి పాఠంలో చెప్పిన తుంగచాప, బిడ్డ చేతికి అందే ఎత్తులో చిన్న బల్ల ఈపాటికి ఇంట్లో ఒక మూల కుదిరి ఉండాలి. ఈ వారం ఆ చాప మీద ఒకటే పని, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు ఒంపడం. ఏడాదిన్నర దాటి మూడేళ్లు నిండని పిల్లలకి ఇది సరిగ్గా సరిపోతుంది.

పలక, అక్షరాల చార్టు ఇంకా తియ్యకండి. రాయాలంటే మణికట్టు తిరగాలి, వేళ్లు పట్టు నిలపాలి, చెయ్యి వెళ్లే చోటికి చూపు ముందే వెళ్లాలి. నీళ్లు ఒంపే పిల్ల ఈ మూడూ నేర్చుకుంటూనే ఉంటుంది. రెండేళ్ల బిడ్డ చేత బలపం పట్టించి 'అ' దిద్దించడం కంటే ఇదే అసలైన చదువని మా గట్టి అభిప్రాయం.

కావలసినవి

అటక మీద పెట్టేసిన ఉగ్గుగిన్నె దింపండి. అంతకంటే మంచి పరికరం బజారులో దొరకదు. తేలిగ్గా ఉంటుంది, పసిచేతిలో ఇముడుతుంది, అన్నిటికంటే ముఖ్యం దానికి ముక్కు ఉంటుంది. మామూలు స్టీలు గ్లాసును మెల్లగా వంచితే నీళ్లు అంచుకి అంటుకుని గ్లాసు వెనక నుంచి మోచేతి దాకా కారతాయి. పిల్లలు మెల్లగానే వంచుతారు కాబట్టి గ్లాసుతో మొదలుపెడితే ఎంత జాగ్రత్తగా చేసినా ఒలుకుతుంది. తప్పు గ్లాసుది, బిడ్డది కాదు.

ఒంపుకోవడానికి వెడల్పు మూతి ఉన్న చిన్న స్టీలు గిన్నె కావాలి. రెండూ పెట్టడానికి అంచున్న పళ్లెం, తుడుచుకోవడానికి జేబురుమాలంత మెత్తటి నూలుగుడ్డ. పెద్ద తువ్వాలు ఇవ్వొద్దు, తడిస్తే బిడ్డ పిండలేదు. ఇత్తడి చెంబు, గాజు గ్లాసు ఇప్పుడు వద్దు.

నీళ్లు రెండు టేబుల్ స్పూన్లు చాలు, అంటే 30 మిల్లీలీటర్లు. ఉగ్గుగిన్నెలో సగానికి మించకూడదు. అవి తాగేనీళ్లే అయి ఉండాలి, ఎందుకంటే పిల్లలు తప్పకుండా తాగుతారు. పటిక తిప్పి తేర్చిన కాలువ నీళ్లు కంటికి తేటగా ఉన్నా క్రిములు పోవు, కాచి చల్లార్చినవి వాడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, అంతర్వేది వైపు లాంటి చోట్ల, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవీ వద్దు.

నీళ్లకి బదులు ధాన్యం పోసి ఇద్దామని మన వైపు చాలామందికి తోస్తుంది, గాదె నిండా ఉంటుంది కాబట్టి. ఇవ్వకండి. దాని నూగు దురద పెడుతుంది, గింజ ముక్కులోకో చెవిలోకో పోతుంది. వేరుశనగ, శనగలు, బఠాణీలు మరీ ప్రమాదం. గొంతులో అడ్డం పడొచ్చు, ముక్కులో చిక్కుకున్న గింజ తడికి ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. అట్టముక్కలో 4 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కోసి దగ్గర పెట్టుకోండి. అందులోంచి జారే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లల చాప మీదికి రాకూడదు.

ముందు గోలెం సంగతి

నీళ్ల రుచి తెలిసిన బిడ్డ పాఠం అయ్యాక కూడా నీళ్లు వెతుక్కుంటూ వెళుతుంది. మన ఇళ్లలో వెతకక్కర్లేదు. పెరట్లో గాబు, గొడ్ల దగ్గర కుడితి గోలెం, స్నానాల గదిలో బకెట్టు, వీధి దాటితే పంటకాలువ. తల బరువెక్కువ కాబట్టి తొంగిచూసిన పసిబిడ్డ తలకిందులుగా పడుతుంది, మళ్లీ లేవలేదు. ప్రాణం పోవడానికి 5 సెంటీమీటర్ల లోతు చాలు, కేక కూడా వినపడదు. అందుకని పాఠం మొదలుపెట్టే ముందే బకెట్లు బోర్లించండి, గాబుకి, గోలేనికి బిడ్డ ఎత్తలేని మూత వెయ్యండి, కాలువ వైపు దారికి గడియ ఉన్న తడిక పెట్టండి. ఈ మూడూ అయ్యేదాకా ఈ పాఠం వాయిదా వెయ్యండి. చాప మీద ఉన్నంతసేపు పెద్దవాళ్లు చేయి చాపితే అందేంత దగ్గరలోనే కూర్చోవాలి.

చూపించే పద్ధతి

పొద్దున టిఫిన్ తిన్నాక, నిద్ర వేళకి బాగా ముందు కూర్చోండి. ఆకలి మీదో నిద్ర మీదో ఉన్న బిడ్డకి ఏదీ ఎక్కదు. మీరు బిడ్డకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి.

ఉగ్గుగిన్నెను మూడు వేళ్లతో పట్టుకోండి. దాని ముక్కును గిన్నె నడిమధ్యకి తెచ్చి ఒక క్షణం ఆగండి. సన్నటి ధారగా ఒంపండి. చివరి చుక్క పడేదాకా కదలకండి. ఆ చుక్క కోసం ఎదురుచూడడమే ఈ పాఠంలో బిడ్డకి బాగా నచ్చే ఘట్టం. పళ్లెంలో పడ్డ తడిని గుడ్డతో అద్ది చూపించండి. ఒలకకపోతే కావాలనే ఒక చుక్క ఒలకబోసి మరీ తుడవండి, తుడవడం కూడా పాఠమే.

ఇదంతా మాట్లాడకుండా చెయ్యాలి. బిడ్డ మీ నోటినైనా చూస్తుంది, మీ చేతినైనా చూస్తుంది. మాటలు తర్వాత, బిడ్డ చేస్తున్నప్పుడు: "గిన్నె నిండింది." "ఇది ఖాళీ అయింది." "నీళ్లు ఒలికాయి, తుడుద్దాం." ఇలా పూర్తి వాక్యాలు, నిదానంగా. "ఇదేంటి? చెప్పు చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు.

మూడు నిమిషాలు చేస్తే చాలా ఎక్కువ. ఒక్కసారి ఒంపి లేచిపోయినా పళ్లెం తీసి బల్ల మీద పెట్టేయండి, మళ్లీ పిలవకండి.

ఎక్కడ తప్పుతుంది

నీళ్లన్నీ నేల మీదికి ఒంపేస్తుంటే చప్పుడూ మరకా బిడ్డను లాగుతున్నాయన్నమాట. తిట్టకుండా పళ్లెం తీసేసి, సాయంత్రం పెరట్లో మొక్కల మొదట్లో అదే గిన్నెతో ఒంపించండి. రేపు చాప మీద మళ్లీ చూపించండి. ఉగ్గుగిన్నె విసిరేస్తుంటే అది విసిరే వయసు. పాతగుడ్డ ఉండచుట్టి బుట్టలోకి విసిరే ఆట ఒక వారం ఆడించాక ఇటు రండి.

గిన్నె అసలు వంచలేకపోతే ఇంకో మెట్టు కిందికి దిగండి. నూలుగుడ్డ నీళ్లలో ముంచి పిండడం ఏడాదిన్నర పిల్లలకి కూడా వస్తుంది, పట్టు దానితోనే బలపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది మన ప్రేమే. నాయనమ్మో అమ్మమ్మో "ఒలికిపోద్దే తల్లీ" అంటూ చెయ్యి పట్టుకుని ఒంపించేస్తారు. అప్పుడు చేసింది పెద్దవాళ్ల చెయ్యి, బిడ్డది కాదు. వాళ్లకి "మీరు లెక్కపెట్టండి అత్తయ్యగారూ, ఎన్ని చుక్కలు పడ్డాయో" అని ఒక పని అప్పగిస్తే సరిపోతుంది. తడిస్తే జలుబు చేస్తుందన్న భయానికి కూడా జవాబు ఉంది. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది, రెండు చెంచాల నీళ్ల వల్ల కాదు. తడిసిన చొక్కా మార్చేస్తే చాలు.

తర్వాతి మెట్టు

ఒలక్కుండా ఒంపడం వరసగా కొన్ని రోజులు కుదిరాక ముక్కులేని చిన్న టీ గ్లాసులు రెండు ఇవ్వండి, మూడో వంతు నీళ్లతో. ఆ తర్వాత గ్లాసు బయట గోళ్లరంగుతో గీత గీసి, అక్కడిదాకా పోసి ఆగమనండి. పోయడం కంటే ఆగడం కష్టం, రెండున్నరేళ్లు దాటితే గాని చాలామందికి రాదు.

పాత కొలతపాత్రలున్న ఇళ్లవాళ్లు అదృష్టవంతులు. గిద్ద, సోల, తవ్వ, మానిక వరసగా పెట్టి, ముందు ఖాళీవి ఒకదాంట్లో ఒకటి ఇమడ్చనివ్వండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క ఇప్పుడు చెప్పక్కర్లేదు. అంచులు పదునెక్కి ఉంటే, చిలుం పట్టి ఉంటే మాత్రం వాడొద్దు.

3వ పాఠం గరిటెతో తోడడం. అప్పటికి రెండు కొబ్బరిచిప్పలు పీచు పోయేలా గీకి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఎండబెట్టి ఉంచండి. పొట్టి పిడి ఉన్న చిన్న గరిటె ఒకటి, అట్టముక్క కన్నంలోంచి జారనంత పెద్ద కొబ్బరి పిందెలు ఆరు ఏరిపెట్టండి.