ముక్కల చక్రాలు: గాలి ఉండగా జోడింపు బోల్టుల జోలికి పోవద్దు

రేసు కోసం సొంతంగా లేత్ మీద తీసుకున్న రెండు ముక్కల రిమ్‌లో (రెండు సగాలను బోల్టులతో జోడించిన చక్రం) అతుకు దగ్గర గాలి కారుతోందని, టైరు దింపకుండానే బోల్టులు సడలించిన ఒకరి ముంజేయి ఈమధ్యే విరిగింది. కొలతలు ఎలా తీయాలో ఈ పని చేసేవారికి తెలుసు కనుక, వాటిని వదిలి ఈ ఒక్క తప్పు గురించే ఎక్కువగా చెబుతాను.

టైరులో గాలి ఉన్నంతసేపూ అది రిమ్ సగాలను విడదీయడానికే చూస్తుంది. పదమూడు అంగుళాల చక్రంలో గాలి పీడనం 15 పీఎస్ఐ మాత్రమే ఉన్నా ఆ బలం వందల కిలోలకు చేరుతుంది. దాన్ని ఆపుతున్నవి ఆ బోల్టులే; కొన్ని సడలగానే భారమంతా మిగిలినవాటి మీద పడుతుంది, అవి తెగే ముందు హెచ్చరికేమీ ఉండదు. గేజు సున్నా చూపిందని నమ్మకుండా, వాల్వ్ పిన్ (వాల్వ్‌లో గాలిని ఆపే పుల్ల) పూర్తిగా బయటకు తీసి, టైరు చేత్తో నొక్కి చూశాకే స్పానర్ పట్టుకోవాలి. బిగించడానికైనా ఇదే నియమం.

అసలు గాలి ఉండగానే బోల్టులు ముట్టుకునే ఆ తొందర పుట్టేది సీలింగ్ సరిగా కుదరకే. చాలామంది సిలికాన్ సీలెంట్‌ను ఫ్లాంజ్ ముఖాల (రెండు సగాలు ఒకదానికొకటి ఆనే చదునైన అంచులు) మధ్య పూస్తారు. ఆ మెత్తని పొర నలిగేకొద్దీ బోల్టులు బిగువు కోల్పోతాయి. ముఖాలు లోహానికి లోహం ఆనేలా పొడిగా బిగించి, సీలెంట్‌ను గాలి ఉండే వైపున అతుకు మీదుగా పట్టీలా వేయాలి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అల్యూమినియాన్ని తినేయగలదు, దాన్ని వాడవద్దు. పూసే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆపై వేలు తగలనివ్వకండి. సీలెంట్ ఆరడానికి డబ్బా మీద రాసిన సమయం నిండేదాకా గాలి కొట్టవద్దు.

సగాలను కేంద్రానికి తెచ్చేది స్పిగాట్ అంచు (ఒక సగం మీద ఉబ్బెత్తుగా ఉండి రెండోదానిలో సరిగ్గా ఇమిడే గుండ్రటి అంచు) కావాలి, బోల్టులు కాదు. లోపలి మూలలను గుండ్రంగా తీయండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. పగిలిన రిమ్‌కు వెల్డింగ్ వద్దు: ఈ రిమ్‌ల అల్యూమినియం రకం 6061 టీ6 ఆ వేడికి మెత్తబడుతుంది. నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి) రెండోసారి వాడవద్దు. టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుతో తిప్పుతున్నామో చూపే స్పానర్), ఎదురెదురు బోల్టులను, దఫాలుగా బిగించండి. గాలి కొట్టి బీడ్‌ను (టైరు లోపలి గట్టి అంచు) రిమ్‌లో కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటవద్దు. పొడవాటి గొట్టం, వాల్వ్‌ను దానికదే పట్టుకుని ఉండే చక్ (గాలి గొట్టం మూతి) వాడండి. టైరు పక్కగోడకు ఎదురుగా నిలబడవద్దు. అతుకు మీద సబ్బు నీళ్లు పోసి చూడండి. బుడగ వచ్చిందా, వాల్వ్ పిన్ తీయండి. రేసుకు పది నిమిషాలే ఉన్నా పిన్ తీయండి. అంత సమయం లేకపోతే స్పేర్ చక్రం వేసుకుని వెళ్లండి.